శిష్యుని అభిరుచియే పాఠ్యపుస్తకము

ఫలక్‌నుమా నుండి సికింద్రాబాదు దిక్కునకు బయలుదేరు ఎం.ఎం.టి.ఎస్. రైలుబండి మొట్టమొదట ఆగునది ఉప్పుగూడలో. అటుపిమ్మట యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగరము దాటి జామై ఉస్మానియా స్టేషనులో దిగినవారికి, అనతిదూరముననే, ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయపు ప్రాంగణము కనబడును. 1958లో కేవలము ఇంగ్లీషు భాషాబోధన కొరకు నెలకొల్పబడి, 1972లో ఇతర విదేశభాషలను గూడ తనలో చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నొందిన ఈ విద్యాసంస్థలో ఫ్రెంచి, జర్మను, రష్యను, అరబ్బీ భాషలతోపాటు స్పానిషు భాషకును స్థానము కలదు. హైదరాబాదు పాతబస్తీ నుండి అచ్చటికి రైలుప్రయాణము గంటసేపు గూడ పట్టదు. అయినను అందులో ప్రవేశము పొందగలవారు కొందరే. పగలెల్ల అంగడిలో కూర్చుండి రాత్రివేళ పుస్తకము పట్టువారును, ఉద్యోగము చేసికొనుచు చదువగోరువారును, పదవతరగతి పిల్లలును, ఇల్లు విడిచి పోజాలని గృహిణులును ఇంకను ఎందరో కలరు. ఇట్టివారికి మిగిలిన మార్గము, గురువొకడు శిష్యుడొకడు ఎదురెదురుగ కూర్చుండియో, దూరమున నున్నచో సెల్‌ఫోనులో ఒకరి ముఖ మొకరు చూచుకొనుచునో సాగించు ముఖాముఖి బోధనము. ఈ బోధనమునకు, తరగతిగది కెన్నడును లేని స్వాతంత్ర్య మొకటి యున్నది. చదువవలసినదేమో శిష్యుని జూచి నిర్ణయించుకొనవచ్చును. దానిని గూర్చియే ఇచ్చట కొంత విపులముగ చెప్పదలచితిని.

స్పానిషు మాతృభాషగా గలవారు లోకమున సుమారు 50 కోట్లమంది. మాతృభాషల లెక్కలో చైనీయుల మాండరిను తరువాతి స్థానము దానిదే. ఐరోపాలో స్పెయిను, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ, అమెరికా ఖండములలో మెక్సికో మొదలు అర్జెంటీనా, చిలీల వరకు మొత్తము 20 దేశములలో అది రాజభాషగ చెల్లుచున్నది. మన నగరమున హైటెక్ సిటీ ప్రాంతపు కంపెనీలలో ఈ భాష వచ్చినవారికి పని దొరకుచున్నదని విని నేర్వవచ్చువారే అధికులు. ఉదరపోషణకై భాష నేర్చుట గౌరవప్రదమైన కార్యమే. అయితే జీతముపై ఆశ మనుష్యుని గురువునొద్దకు తీసికొనివచ్చును గాని, మూడవ నెలలో క్రియారూపముల పట్టికలు ముందుకు వచ్చి నిలిచినపుడు అతనిని అచ్చట నిలుపజాలదు. తనకు ప్రియమైన విషయమొకటి ఆ భాషలో చదువుచున్నాననెడి తలపునకే ఆ శక్తి కలదు.

ఒక్కొక్క శిష్యునికి ఒక్కొక్క పాఠము చెప్పుట మనకు క్రొత్తగాదు. వీథిబడులలో పిల్లలందరు ఒకే అరుగుపై కూర్చున్నను ఎవరి పాఠము వారిదే. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుచుండగా వేరొకడు ఎక్కములు వల్లించుచుండును, మరియొకడు శతకపద్యము నొప్పజెప్పుచుండును. పాతబస్తీ మదర్సాలలో గూడ సబఖ్, అనగా పాఠము, ఏ బాలుని కా బాలునిదే. అయినను ఆనాటి బడులలో నొక పెద్ద లోపము గలదని 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్, తన జిల్లా విద్యాస్థితిని గూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదికలో విశదముగ వ్రాసెను. తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము రచించి 1816లో ప్రకటించినవాడు గనుక, దీనిని తెలియనివాని మాటగా త్రోసివేయరాదు. పిల్లల చేతికిచ్చు గ్రంథములు నిత్యవ్యవహారమునకు దూరమైన కావ్యభాషలో పద్యరూపమున నున్నవనియు, వాటిని వారు కంఠస్థము చేయుదురే గాని అర్థమెరుగరనియు ఆయన ఆక్షేపించెను. దీనినిబట్టి నాకు తోచునదేమనగా, శిష్యుని విడిగా కూర్చుండబెట్టుకొన్నంత మాత్రమున కార్యము నెరవేరదు. చేతికిచ్చిన గ్రంథము అతనికి అర్థము కావలెను, అర్థమగుటయే గాక అతనికి కావలసినదై యుండవలెను. ఈ రెండింటిలో ఏ యొక్కటి లోపించినను ముఖాముఖి బోధనమువలన కలుగవలసిన మేలు కలుగదు.

ఇందుకు మన సాహిత్యచరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. 1798లో కలకత్తాలో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసునకు వచ్చి, సెయింటు జార్జి కోట కళాశాలలో ఉద్యోగధర్మముగ తెలుగు నభ్యసించి, 1820లో కడపకు ఉద్యోగియై పోయెను. అంతటితో ఆయన చదువు ముగిసియుండవచ్చును. ఆనాడు అనేకుల చదువు అట్లే ముగిసినది. కాని 1824లో ఆయన దృష్టి వేమన పద్యములపై పడినది. పండితులు వేమనను కవులలో లెక్కింపని కాలమది. అయినను తన మనస్సు దేనిని పట్టుకొన్నదో దానినే చదువ నిశ్చయించుకొని, వ్రాతప్రతులు సేకరించి, పండితులను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క పద్యమును వారివలన విచారించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను. వ్యాకరణము 1840లోను, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లోను ఆ మార్గముననే వచ్చినవి. పరీక్షకై చదివిన చదువుతో ఆయన నిలిచిపోయియుండినచో, నేటికిని మనము బల్లపై నుంచుకొను ఆ నిఘంటువు మనకు దక్కెడిది కాదేమో.

ఆధునికులలో ఈ విషయమును పరీక్షించి చూచినవారిలో మైకేల్ వెస్టును మొదట పేర్కొనవలెను. ఈయన ఢాకాలో భారత విద్యాశాఖోద్యోగి. బెంగాలీ బాలురు ఇంగ్లీషు వాచకములతో పడుచున్న యాతనను సంవత్సరములకొలది చూచి, దానిని గూర్చి 1926లో నొక గ్రంథము వెలువరించెను. వాచకములలో క్రొత్తమాటలు ఒకదానిపై నొకటి వచ్చిపడుటయే ఆ యాతనకు ముఖ్యకారణమని గ్రహించి, తానే కథలను తిరుగవ్రాసి, క్రొత్తమాట యొకటి వచ్చిన తరువాత అది పాతబడువరకు మరియొకటి రాకుండునట్లు కూర్చెను. నేడు లోకమంతట చెలామణి యగుచున్న సులభవాచకముల పద్ధతికి బలమైన పునాది పడినది ఆ ఢాకా వాచకములలోనే. తరువాతి కాలమున న్యూజిలాండు పండితుడు పాల్ నేషన్, సహపరిశోధకురాలితో గూడి 2000లో ప్రకటించిన పరిశీలనలో, ఒక కథను పరసహాయము లేక హాయిగా చదువవలెననిన నూటికి 98 మాటలు ముందే తెలిసియుండవలెనని తేల్చెను. అనగా ఏబది మాటల కొక్కటి మాత్రమే క్రొత్తదై యుండవచ్చునన్నమాట. ఫిజీ దీవులలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మాంగూభాయి అనువారు పల్లెటూరి బడులకు పిల్లలు మెచ్చు బొమ్మల కథల పుస్తకములు సుమారు 250 చొప్పున ఇప్పించి, వాటిని చదివిన పిల్లలు పాతపద్ధతిని చదివినవారికంటె ఎంతో వేగముగ ఇంగ్లీషు నభివృద్ధి చేసికొన్నారని 1983లో వెల్లడించిరి. అదే సంవత్సరము కాలిఫోర్నియాలో స్పానిషు బోధకుడైన ట్రేసీ టెర్రెల్, భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెనుతో గూడి వ్రాసిన గ్రంథము, అర్థమగు మాటలను సమృద్ధిగ వినుట, చదువుట భాషాభ్యాసమునకు మూలమని వాదించినది. క్రాషెను పిమ్మట ఇంకొక అడుగు ముందుకు వేసి, విషయము ఎంతగా మనస్సును లాగవలెననిన, చదువుచున్నది పరభాషయను సంగతియే మరపునకు రావలెననెను. ఆ చివరి మాట తరగతిలో అసాధ్యము. ముప్పదిమందిని ఒక్కసారి మరపింపగల వ్యాసము లోకమున ఎచ్చట దొరకును? ఒక్కనికైనచో దొరకును.

ఉప్పుగూడవంటి పేటలో పెరిగిన విద్యార్థికి స్పానిషు నేర్చుకొనుటకు స్వతస్సిద్ధముగ నున్న సంపద ఎంతటిదో తగినంతగా గుర్తింపబడలేదని నా విచారము. మనకు దొరకు వాచకములలో పెక్కు ఇంగ్లీషు వచ్చినవారి కొరకు వ్రాయబడినవి. వాటి వివరణములు ఇంగ్లీషు మార్గముననే నడచును. తెలుగు తెలిసినవానికి ఆ చుట్టుదారితో పనిలేదు. స్పానిషు అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అను నైదే. త, ప, క లు మనము పలికినట్లే పలుకబడును. మాటలలో అజంతములు విస్తారము. మనలో ఉచ్చారణ మాసిపోయి, ప్రాచీనకవులు ప్రాసలో కలుపరాదని నియమించిన సాధురేఫ శకటరేఫముల భేదము ఆ భాషలో నేటికిని సజీవముగ నున్నది. ‘పెరో’ అనిన ‘కాని’, ‘పెఱో’ అనిన ‘కుక్క’. ‘చదివితిని’ అన్నపుడు ‘నేను’ అను మాట అక్కరలేనట్లే ‘లెయీ’ అన్నపుడును అక్కరలేదు. ‘నాకు పుస్తకము నచ్చినది’ అను వాక్యములో నచ్చినది పుస్తకము, నచ్చుట నాకు. ‘మె గుస్తో ఎల్ లిబ్రో’ అను వాక్యపు నడకయు సరిగా నిదియే. ఇంగ్లీషుద్వారా నేర్చువాడు ఈ యొక్క వాక్యమును తలక్రిందుగ త్రిప్పి త్రిప్పి అలసిపోవును. మనము ‘పుస్తకము చూచుచున్నాను’ అందుము గాని ‘అమ్మ చూచుచున్నాను’ అనము, ‘అమ్మను’ అందుము. స్పానిషులోను పుస్తకమునకు లేని విభక్తిచిహ్న మొకటి అమ్మకు వచ్చి ‘వేఓ ఎల్ లిబ్రో’, ‘వేఓ ఆ మి మాద్రె’ అగును. నువ్వు, మీరు అను మర్యాదాభేదమునకు తూ, ఉస్తెద్ అనునవి కలవు.

పాతబస్తీవారికి దీనిపై నింకొక లాభము. ‘ఖుదా’, ‘ఖబర్’ అను ఉర్దూ మాటలలోని ఖకారము నిత్యము వినుచుండు చెవికి, స్పెయిను దేశపు కంఠ్యధ్వని వింతగా తోచదు. మనకు అలవాటులేని లింగవ్యవస్థ, అనగా నిర్జీవములైన బల్లకు, పుస్తకమునకు గూడ స్త్రీపురుష భేదము చెప్పుట, ఉర్దూ మాట్లాడువానికి సహజమే. మేజ్ ఉర్దూలో స్త్రీలింగము, మేస స్పానిషులోను స్త్రీలింగము. కితాబ్ స్త్రీలింగమై లిబ్రో పుంలింగ మగుటచే అన్నిచోట్లను ఈ పోలిక కుదురదుగాని, మనస్సు ఆ పద్ధతికి ముందే పదునెక్కి యుండును. ఇక 711 మొదలు 1492 వరకు స్పెయిను గడ్డపై ముస్లిముల రాజ్యములు వర్ధిల్లుటచే ఆ భాషలోనికి ప్రవేశించిన అరబ్బీ మాటలు వేలసంఖ్యలో నున్నవి. జైతూను పండు ‘ఆసెయ్తూన’ యైనది. మన నారింజ, పారసీక అరబ్బీల మీదుగా పోయి ‘నారాంహ’ యైనది. మన చతురంగము షత్రంజియై, అటనుండి ‘అహెద్రేస్’ ఐనది. రంజాను నెలలో చార్మినారు వీథులలో బండ్లకొలది దిగు పుచ్చకాయకు స్పానిషులో ‘సాందీయ’ అని పేరు. సింధుదేశపు పండు అని దాని అర్థము.

ఇంతటి సామగ్రి చేతనున్నపుడు గురువు చేయవలసిన మొదటి పని పుస్తకము తెరచుట కాదు, శిష్యుని మాట్లాడించుట; అదియు తెలుగులోనో ఉర్దూలోనో, అతనికి హాయియైన భాషలో. ఇందులో నొక చిక్కు గలదు. నీకేమి ఇష్టమని అడిగిన వెంటనే చెప్పు సమాధానము తరచు పెద్దలు మెచ్చుటకు చెప్పినదై యుండును: కంప్యూటర్లనియో, వ్యాపారమనియో, సామాన్యవిజ్ఞానమనియో చెప్పుదురు. న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పి 1963లో తన అనుభవములను గ్రంథముగ వెలయించిన సిల్వియా ఆష్టన్-వార్నర్, ప్రతి బిడ్డ మనస్సులోను లోతుగా పాతుకొనియున్న మాటలు కొన్ని యుండుననియు, చదువు వాటితోనే ఆరంభింపవలెననియు నమ్మి, ఏ బిడ్డకు కావలసిన మాటను ఆ బిడ్డ నడిగి అట్టపై వ్రాసి యిచ్చుచుండెను. ఆమెకున్న ఓపిక స్పానిషు గురువునకును కావలెను. మాటల మధ్య శిష్యుని గొంతు ఎచ్చట వేగమందుకొన్నదో కనిపెట్టవలెను.

ఉప్పుగూడ, ఛత్రినాక, గౌలిపురా డాబాలపై సంక్రాంతి దినములలో ఆ గొంతు పతంగుల మాట రాగానే వేగమందుకొనునని వేరుగ చెప్పనక్కరలేదు. ధూల్‌పేట పతంగి, మాంజా, చర్ఖా, పేంచ్, ఇవి యన్నియు తెలిసిన పదునాలుగేండ్ల బాలునిచేత, బార్సిలోనా విమానాశ్రయములో సామాను పోగొట్టుకొన్న ప్రయాణికుని సంభాషణను వల్లింపజేయుట నాకు అన్యాయముగ తోచును. అతనికొరకు స్పానిషు ప్రపంచమున పతంగులు సమృద్ధిగ నెగురుచున్నవి. గ్వాటెమాలా దేశమున సుంపాంగో, సాంతియాగో సకతెపెకెజ్ అను నూళ్ళలో నవంబరు 1వ తేదీన, సర్వపునీతుల పండుగనాడు, వెదురుబద్దలకు పలుచని రంగుకాగితము లంటించి, నిలువెత్తు మనిషికి ఎన్నో రెట్లు పెద్దవియైన గుండ్రని పతంగులను శ్మశానవాటికల చెంత నిలబెట్టుదురు, ఎగురవేయుదురు. గతించినవారికి తమ సందేశము వాటిద్వారా చేరునని విశ్వసింతురు. ఆ నిర్మాణకౌశలమును యునెస్కో 2024లో మానవజాతి వారసత్వములలో చేర్చినది. చిలీ దేశమున సెప్టెంబరు 18వ తేదీ జాతీయోత్సవముల వేళ ఆకాశమంతయు పతంగులమయము. అచ్చట దారమునకు జిగురుతో గాజుపొడి పట్టించుటకు ‘హీలో కురాదో’ అని పేరు. మెడలు చేతులు తెగుచుండుటచే దానిని చట్టము నిషేధించినది. ఈ విషయమై చిలీ పత్రికలలో వచ్చు చిన్నవార్తను మన బాలునికిచ్చి చూడుడు. గాజుపొడి, జిగురు, వ్రేలు తెగుట, పోలీసులు దుకాణముపై పడుట, ఇందులో అతనికి తెలియని దేమున్నది? చైనా మాంజా గొడవ అతని వీథిలోనే జరుగుచున్నది. తెలియనివి మాటలు మాత్రమే. విషయము చేయిపట్టి ఆ మాటల యర్థమునకు అతనిని నడిపించును. పతంగికి స్పెయినులో ‘కొమేత’, మెక్సికోలో ‘పపలోతె’, చిలీలో ‘వొలాంతీన్’, గ్వాటెమాలాలో ‘బరిలేతె’ అని వాడుక. ఈ నాలుగు మాటలను పట్టికగ నిచ్చిన ఎవడును గుర్తుంచుకొనడు. నాలుగు దేశముల పతంగుల కథలు చదివినవాడు మరచిపోడు. పైగా స్పానిషు ఇరువది దేశముల భాషయను సంగతి అతనికి భూగోళ పాఠము లేకుండగనే పట్టుబడును.

కథలపై మనసుగలవారికి వేరొక నిధి గలదు. మన పంచతంత్రము ఆరవ శతాబ్దిలో పారసీక ప్రభువైన అనుషీర్వానుని కాలమున బర్జోయ అను వైద్యునిచే పహ్లవీ భాషలోనికి, ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్న్ అల్-ముఖఫ్ఫాచే అరబ్బీలోనికి పరివర్తనము పొంది, 1251లో, పిమ్మట పదవ అల్ఫోన్సో రాజై విద్వాంసుడని పేరొందిన యువరాజు పూనికచే కాస్తీలియా స్పానిషులోనికి ప్రవేశించినది. ఆ గ్రంథమునకు ‘కలీల ఎ దిమ్న’ యని పేరు. మన కరటక దమనకులే ఆ కలీల దిమ్నలు. మన సంజీవకుడను ఎద్దు అచ్చట సెన్సెబ యైనది. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములు చదువుకొన్న తెలుగువానికిని, కలీలా వ దిమ్నా చదివిన మదర్సా విద్యార్థికిని ఆ స్పానిషు కథ పుట్టింటి కథయే. సింహము, ఎద్దు, వాటి చెలిమిని చెరచిన నక్క, చివరకు జరుగు ఘోరము, సర్వము ముందే తెలియును గనుక, చదువరి బుద్ధి కథను వెదకుటలో వ్యయము గాక వాక్యమును గమనించుటకు వినియోగపడును. 1251 నాటి భాష యథాతథముగ అభ్యాసకునికి ఇచ్చునది కాదు. గురువు నేటి వ్యవహారభాషలో ఏడెనిమిది చిన్న వాక్యములుగ తిరుగవ్రాసి యీయవలెను. ఆ శ్రమకు గురువు వెనుదీయరాదు.

కవితాప్రియులకు టాగోరు ఉన్నాడు. ఆయన నెలవంక గీతములను సెనోబియా కాంప్రుబీ తన భర్త కాబోవు హువాన్ రమోన్ హిమేనెజ్ సహాయముతో 1915లో స్పానిషులోనికి తెచ్చినది. ఆ హిమేనెజ్ 1956లో నోబెలు బహుమానము నందుకొన్నాడు. బెంగాలీ కవితను తెలుగులో చదివియున్నవారు అదే గీతమును స్పానిషులో పోల్చి చదువవచ్చును. ఈ ప్రస్తావనలో నొక హెచ్చరిక. హిమేనెజ్ 1914లో ప్రకటించిన ‘ప్లతేరో ఇ యో’ అను చిన్నపొత్తము ఒక గాడిదను గూర్చినది, ప్రకరణములు పొట్టివి అను కారణముచే క్రొత్తవారి చేతికిచ్చు వాడుక గలదు. అది భ్రమ. పూలపేర్లు, రంగులపేర్లు, అందెల్యుసియా పల్లె మాటలు అందులో పంక్తిపంక్తికి ముసురుకొనియుండును. రెండు మూడేండ్ల పరిచయము లేక అందులో కాలిడరాదు. అంతకు ముందు హాస్యప్రియులకు అర్జెంటీనా చిత్రకారుడు కీనో 1964 నుండి 1973 వరకు గీసిన మఫాల్ద బొమ్మల కథలు నయము. బొమ్మయే సగము అర్థము చెప్పును. ఫుట్‌బాలు అభిమానులకు 1938 నుండి వెలువడుచున్న ‘మార్క’ క్రీడాపత్రిక యున్నది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టుకు స్వర్ణము సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమును కన్న నగరమిది. ఇచ్చట ఆ అభిమానమునకు కొదువలేదు.

పాఠపు గంట ఎట్లు గడుపవలెనను ప్రశ్న మిగిలినది. మొదటి నెలలో ఏ పత్రికయు పనికిరాదు, ఏలయనగా నూటికి 98 మాటలు తెలిసిన పాఠము అప్పటికి లోకమున లేదు. గురువే వ్రాయవలెను. ఎస్, ఎస్తా, ఆయ్, తియెనె, కియెరె, వా, పుయెదె అను ఏడెనిమిది క్రియలతో, అనగా అగుట, ఉండుట, కలుగుట, కోరుట, పోవుట, చేయగలుగుటలతో, ఒక బాలుడు, ఒక డాబా, ఒక పతంగి గల కథ నల్లవచ్చును. ‘ఎల్ నీన్యో కియెరె ఉన బరిలేతె’ యని పొరపాటున చెప్పరాదు, అది పుంలింగము గనుక ‘ఉన్ బరిలేతె’. ఇట్టి సూక్ష్మము ఆ వాక్యములోనే పదిసార్లు కంటబడిన తరువాత సూత్రము చెప్పిన నిలుచును. గురువు మొదట బిగ్గరగ చదువును, శిష్యుడు ప్రతి చూచుచు వినును. పిమ్మట ఎవడు, ఎచ్చట, ఏమి కోరెను, ఎందులకు అను ప్రశ్నలు స్పానిషులోనే అడుగగా, ఒక్క మాటతోనైనను శిష్యుడు బదులు చెప్పును. తరువాత అతడే చదువును; తెలియని మాట క్రింద గీత గీయును. నూరుమాటలలో గీతలు అయిదారు దాటినచో, గురువు మారు మాటాడక ఆ పాఠము ప్రక్కన బెట్టి మరునాటికి దానిని సులువుచేసి తేవలెను; లోపము పాఠమునదే గాని శిష్యునిది కాదు. చివర కథను పుస్తకము చూడక తనమాటలలో చెప్పించి, దానినే నాలుగు పంక్తులు వ్రాయించిన, గంట నిండును.

ఒకే విషయమును పట్టుకొని చదివినచో పదజాలము ఇరుకగును కదా యను శంక న్యాయమైనదే. అనుభవములో ఇది తారుమారగును. ఒక విషయముపై పది వ్యాసములు చదివినవానికి ఆ విషయపు మాటలు మొదటి రెండింటిలోనే తీరిపోయి, మిగిలిన ఎనిమిదింటిలో ‘అయినను’, ‘అందువలన’, ‘మునుపు’, ‘తరువాత’ వంటి, ఏ విషయమునకైనను కావలసిన మాటలే మరల మరల వచ్చి పాదుకొనును. వ్యాకరణము వలదని నేను చెప్పుటలేదు. అది ఎదురైనచోట, అప్పుడే చెప్పవలెను. అరబ్బీలో దేవుడు తలచినచో నను భావమునుండి పుట్టిన ‘ఓహలా’ అను మాట స్పానిషులో కోరికను తెలుపును. దాని ప్రక్కన క్రియ రూపము మార్చుకొని ‘ఓహలా యుయెవ’ యగును. వాన కురియుగాక యని మన గ్రాంథికమున అందుము. ఇంగ్లీషు వాచకములు అధ్యాయములకొద్ది వివరించు ఆ క్రియావిధానపు ప్రధానమైన ఉపయోగము ఒకటి, తెలుగువానికి ‘గాక’ యను ఒక్క మాట గుర్తుచేసిన కొంత తెరచుకొనును. పరీక్షలు వ్రాయవలసినవారికి సెర్వాంతెస్ సంస్థవారి డెలె పరీక్షలు ఏ1 మొదలు సీ2 వరకు ఆరంతస్తులు గలవు. ఆ సంస్థ ఢిల్లీ కేంద్రము 2009 నుండి పనిచేయుచున్నది. పరీక్షకు రెండు మూడు నెలలు ముందుగ పాతప్రశ్నలు అభ్యసించిన చాలును. అంతవరకు ఇష్టమైనదే చదువనీయుడు.

చివరగ, తెలుగుదేశమునకే ప్రత్యేకమైన స్పానిషు పాఠ్యమొకటి కలదు. బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 2009లో కన్నుమూయు వరకు ఆ కరవుసీమ ప్రజలతోనే నిలిచెను. ఆ సంస్థకు స్పెయిను దేశమందలి వేలకొలది కుటుంబములు తోడ్పడినవి; ఒక్కొక్క కుటుంబ మొక్కొక్క బిడ్డ చదువునకు ఆసరాయై, ఆ బిడ్డకును వారికిని ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. తెలుగు జాబులను అనువాదకులు మార్చి పంపగా, ఆ కుటుంబముల జాబులు అదే దారిని తిరిగివచ్చెడివి. ఆ సంస్థవారే అనంతపురమున విదేశభాషల పాఠశాల నొకదానిని నడుపుచు, అందు స్పానిషు గూడ నేర్పుచున్నారు. అట్లు పెరిగిన బిడ్డలలో ఎందరో నేడు హైదరాబాదునకు ఉద్యోగములకై వచ్చియున్నారు. అట్టివాడొకడు స్పానిషు నేర్వవచ్చినచో, గురువు వేరొక పుస్తకము వెదకవలసిన పనిలేదు. ఇంటిలో దాచియుంచిన పాత జాబులను, అతనికి సమ్మతమైనవానిని మాత్రము, తెమ్మనవలెను. అనువాదముద్వారా చిన్ననాడు విన్న మాటలను ఆ దూరదేశపు చేతివ్రాతలోనే అతడు ఇప్పుడు చదువును. అక్షరములు కూడబలుకుకొనుటకే మొదటి గంట పట్టవచ్చును, పట్టనీయవలెను. వాటిలో నొకదానికి స్వయముగ స్పానిషులో ప్రత్యుత్తరము వ్రాయగోరినచో, ఆ జాబు ముగియువరకు మరి యే పాఠమును పెట్టుకొనరాదు.